ఊక మీద తల్లులు

తొమ్మిది నిమిషాల పన్నెండు సెకన్లు.

ఏడుస్తున్న ఏడు నెలల కూతురి దగ్గరికి లేచి వెళ్ళడానికి హైమకు పట్టిన సమయం అది. నోటికొచ్చినట్టు చెప్పిన లెక్కేమీ కాదు. హైమ మొగుడికి అక్క అయిన వకుళ, మేడమీద వరండాలో కూర్చుని, స్టాప్‌వాచ్ పట్టుకుని మరీ కొలిచింది. కింద పెరట్లో ఊక పొయ్యి పక్కన పీట వేసుకుని హైమ కూర్చుని ఉంది. స్నానాలకి నీళ్ళు మరుగుతున్నాయి. నాలుగడుగుల దూరంలో చీర ఉయ్యాలలో పాప గుక్కపట్టి ఏడుస్తోంది. హైమ ఆ ఉయ్యాల వైపే చూస్తోంది. ముఖంలో కోపం లేదు, విసుగూ లేదు. తొమ్మిది నిమిషాలు గడిచాక, ఎవరో పిలిస్తే లేచినట్టు లేచి పాపని ఎత్తుకుంది.

ఇంకో ఆడపడుచైతే మేడ దిగొచ్చి నాలుగు మాటలని ఊరుకునేది. వకుళ కొలిచింది. పద్నాలుగేళ్ళుగా ఆవిడ ఉద్యోగమే అది మరి. ఊరికి ఆరు కిలోమీటర్ల అవతల, కాలవ గట్టు మీద, పురుగుమందుల్ని జంతువుల మీద పరీక్షించే ప్రయోగశాల ఉంది. అక్కడ తల్లి ఎలుక తన పిల్లల్ని ఎంతసేపట్లో గూటికి చేర్చుకుంటుందో చూసి రాయడం ఆవిడ పని. కొలిచినదాన్ని కడుపులో పెట్టుకునే గుణం కూడా ఆవిడకి లేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర తమ్ముడు ఫణీంద్రకి చెప్పేసింది.

"నీ పెళ్ళాం కంటే నా ఎలుకలు నయం రా. వాటికి ఎనిమిది పిల్లలకీ కలిపి పదకొండు నిమిషాలు. ఈవిడగారికి ఒక్క పిల్లకే తొమ్మిది."

ఫణీంద్ర అన్నం కలుపుతున్న చెయ్యి ఆపాడు. తండ్రి పోయినప్పటినుంచీ రైస్‌మిల్లు నడుపుతున్నది అతనే. ఇల్లూ మిల్లూ ఒకే ఆవరణ. మిల్లు చప్పుడు మీద మాట్లాడి మాట్లాడి ఇంట్లో కూడా అరిచినట్టే మాట్లాడతాడు.

"విన్నావా? మా అక్క గడియారం పెట్టి చూసిందంట. ఏం మనిషివే నువ్వు?"

హైమ గుమ్మంలో నిలబడి ఉంది. వకుళ వైపు చూసింది.

"ఏడుపు వినబడుతుంది వదినా. లేవాలని తెలుసు. లేద్దామనే అనుకుంటాను. ఆ అనుకోవడంలోనే ఉండిపోతున్నాను. నాకేదో అయింది. ఎవరికైనా చూపించండి."

"బద్ధకానికి డాక్టరేం చేస్తాడమ్మా," అంది వకుళ, మజ్జిగ పోసుకుంటూ.

ఆ తొమ్మిది నిమిషాల మాట ఆ రోజునుంచి ఇంట్లో కుదురుగా ఉండలేదు. ఫణీంద్ర ఫోన్లో మేనమామకి చెప్పాడు, ధాన్యం తెచ్చిన వాళ్ళకి చెప్పాడు, పాలవాడికి కూడా చెప్పాడు. చదువుకున్న అక్క, పైగా సైంటిస్టు, గడియారం పెట్టి తేల్చిన సంగతి కాబట్టి ఎవరూ అదేమిటని అడగలేదు. వారం తిరక్కుండా హైమని పుట్టింటికి పంపేశారు. పాపని మాత్రం ఉంచేసుకున్నారు. హైమ తండ్రి వీరరాఘవులు వచ్చి బతిమాలితే, "మీ అమ్మాయికి పిల్ల అక్కర్లేదు కదండీ, మాకు కావాలి," అన్నాడు ఫణీంద్ర. వీరరాఘవులుది మెట్ట ఊరు. చుట్టూ జీడిమామిడి తోటలే తప్ప వరి చేను కంటికి కనబడదు. ఆయన కూతుర్ని జీపులో ఎక్కించుకుని తీసుకుపోయాడు.

*

ఆ రోజుల్లో డెల్టా అంతా ఒకటే మందు. దాని పేరు సాధు. కంపెనీ పెట్టిన పేరే అయినా భలే అతికింది. అది కొడితే వరిని పీల్చే సుడిదోమ చావదు. దుబ్బు మీద కూర్చునే ఉంటుంది. ఆకలేస్తుంది, కానీ తినడానికి కదలదు. అలా కూర్చునే ఎండిపోతుంది. మందుకి వాసన లేదు, కాలవలో చేపలు తేలవు, పిచికారీ చేసినవాడికి కళ్ళు తిరగవు. అన్నిటికన్నా పెద్ద మాట, దాన్ని తాగి ఎవరూ చావలేరు. పురుగుమందు డబ్బా ఇంట్లో ఉందంటే ఇల్లాళ్ళకి కంటిమీద కునుకుండని పల్లెల్లో ఆ ఒక్క మాట చాలింది. నాలుగేళ్ళలో వేరే మందు పేరు ఎత్తినవాడు లేడు.

తాత్కాలిక అనుమతితో ఆ మందు అప్పటికే పొలాల్లో ఉండగా, తక్కువ మోతాదులో దానివల్ల ఏ హానీ లేదని తేల్చిన కాగితం కింద ఉన్న సంతకం వకుళది.

పరీక్ష పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. ఈనిన తల్లి ఎలుకని కాసేపు పక్కకి తీసి, దాని పిల్లల్ని గూటిలోంచి తెచ్చి పెట్టెలో తలో మూలా పడేస్తారు. తల్లిని మళ్ళీ వదిలి స్టాప్‌వాచ్ నొక్కుతారు. అది ఒక్కొక్క పిల్లనీ మెడ దగ్గర నోట కరుచుకుని గూటికి మోసుకుపోతుంది. ఎనిమిదోది చేరగానే మళ్ళీ నొక్కుతారు. సాధు ఎక్కువగా తాగించిన ఎలుకలు మూలన కూర్చుని పిల్లల్ని చూస్తూ ఉండిపోయాయి. అది కంపెనీ కూడా ఒప్పుకుంది. అంత మందు ఎవరి ఒంట్లోకీ వెళ్ళదంది. తేల్చాల్సింది తక్కువ మోతాదు సంగతి. నీటిలో లేశమాత్రం కలిపి ఇచ్చిన ఎలుకలకి పదకొండు నిమిషాలు పట్టింది. అసలేమీ ఇవ్వని ఎలుకలకి కూడా పదకొండు నిమిషాలే పట్టింది. రెండిటికీ తేడా లేదు కాబట్టి మందుకి దోషం లేదు. వకుళ అలాగే రాసింది.

అంతకుముందు సంవత్సరాల రికార్డుల్లో మామూలు తల్లి ఎలుకకి మూడు నిమిషాలకి మించి పట్టేది కాదు. ఆ సంగతి వకుళ చూడకపోలేదు. ఆ ఏడే ఎలుకల్ని కొత్తచోటునుంచి తెప్పించారు. "ఈ జాతి స్వతహాగా మొద్దు," అని ఒక వాక్యం రాసి, ఆ మాట అక్కడితో ముగించింది. మొద్దు అనే మాట ఆవిడకి చాలా తేలిగ్గా వస్తుంది.

ఇప్పుడు రెండో కాగితం బల్ల మీదికి వచ్చింది. డెల్టా మొత్తం మీద డ్రోన్లతో సాధు చల్లడానికి అనుమతి అడుగుతున్నారు. డైరెక్టర్ నిరంజనరావు ఫైలు తనే మోసుకొచ్చి ఆవిడ ముందు పెట్టాడు. ఈ విడత పరీక్షలు ముగియగానే సంతకం కావాలన్నాడు. దొర్లుతున్న బండికి వెనకనుంచి చెయ్యేసి తోస్తున్నట్టుంటుంది ఆయన మాట.

ఇంటి దగ్గర పాప ఏడుస్తూనే ఉండేది. పనిమనిషి పగలు చూసేది, సాయంత్రం వెళ్ళిపోయేది. ఎవరో ఒకరు ఎత్తుకుంటార్లెమ్మని వకుళ తన గదిలో ఫైళ్ళు తిరగేసుకునేది.

*

శ్రావణంలో వారం రోజులు కుండపోతగా కురిసింది. నాలుగు రోజులు సెలవులో ఉన్న వకుళ తిరిగొచ్చి మూడో వరస ఎలుకల్ని పరీక్షకి పెట్టింది. మందు అసలు ఇవ్వని గుంపు అది. మొదటి తల్లి పెట్టెలో కాలు పెట్టీ పెట్టగానే ఉరికింది. ఒకదాన్ని పడేసి ఇంకోదానికోసం పరుగెత్తింది. రెండు నిమిషాల నలభై సెకన్లలో ఎనిమిది పిల్లలూ గూట్లో ఉన్నాయి. వకుళ గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసింది. రెండో తల్లికి మూడు నిమిషాలు. మూడోదానికి రెండున్నర. అది ఆవిడ వేలిని కూడా కరిచింది.

అప్పుడు పెట్టెలోకి వంగి చూసింది. కింద పరిచింది ఊక కాదు, రంపపు పొట్టు.

"నూకరాజూ," అని కేకేసింది.

నూకరాజు ఎలుకల పెట్టెలు కడిగే మనిషి. ఏడాదిలో రిటైరైపోతాడు. పదేళ్ళుగా వకుళ చేత చివాట్లు తిని తిని మొహం గోడలా చేసుకోవడం అలవాటైనవాడు.

"ఇదెవరు పొయ్యమన్నారు? పరీక్ష మధ్యలో పక్క మార్చకూడదని ఎన్నిసార్లు చెప్పాను?"

"ఊక తడిసిపోయిందండి. గోనెలన్నీ బూజెక్కిపోయాయండి. తమరు లేరు. డైరెక్టరుగారినడిగితే నాకెందుకయ్యా ఆ గోల అన్నారండి. పొరుగూళ్ళో మా బావమరిది కలప అడితీలోంచి రెండు గోనెలు పట్టుకొచ్చి ఈ వరస మటుకు పోశానండి. తడి ఊక మీద పురిటి ఎలకల్ని పడుకోబెట్టమంటారేంటండి?"

"నా ఆరు నెలల పని నాశనం చేశావు."

"నాశనమేంటండి. ముండలు ఇప్పుడే కదండీ పిల్లల్ని చూసుకుంటున్నాయి," అన్నాడు నూకరాజు. "ఊకలో ఉన్నన్నాళ్ళూ మత్తుగా పడుండేయండి. మనూరి అడితీ మూతపడకముందు, పొట్టు వాడే రోజుల్లో, ఇలాగే ఉండేయి. నేనెరగనా?"

వకుళ తిట్టడానికి నోరు తెరిచింది. అంతలో ఒకటి గుర్తొచ్చింది. నాలుగేళ్ళ కిందట అడితీ మూతపడినప్పుడు, ఎలుకల కింద పరవడానికి ఏం దొరుకుతుందా అని అందరూ తల పట్టుకుంటే, "మా మిల్లు ఊక ఉందిగా, కొత్త బియ్యమంత శుభ్రం," అని గొప్పగా చెప్పింది తనే. ప్రతి గోనెనీ ఆవిరిలో ఉడికించి మరీ వాడారు. ఆవిరికి క్రిములు చస్తాయి.

ఆ మధ్యాహ్నం పిడికెడు ఊక పరీక్ష యంత్రంలో పెట్టింది. సాయంత్రం నాలుగింటికి కాగితం బయటికొచ్చింది. గింజ పాలుపోసుకునే సమయంలో కొట్టిన సాధు బియ్యంలోకి దిగలేదు. పొట్టు మీద పేరుకుని కూర్చుంది. ప్రభుత్వం బియ్యాన్ని పరీక్షించింది, తవుడునీ పరీక్షించింది. ఊకని ఎవరు తింటారులెమ్మని వదిలేసింది. తాను నీళ్ళలో కలిపి ఇచ్చిన తక్కువ మోతాదుకి దాదాపు సమానంగా ఊకలో మందు ఉంది. నాలుగేళ్ళుగా ఆ ప్రయోగశాలలో మందు సోకని ఎలుక ఒక్కటి కూడా లేదు. మందు తాగిన ఎలుకనీ మందు తాగిన ఎలుకనీ పక్కపక్కన పెట్టి, తేడా లేదని రాసి, సంతకం పెట్టింది.

మిగతా వరసలన్నిటికీ పొట్టు పోయించింది. మూడు వారాల్లో మందు ఇవ్వని వరసలన్నిటికీ మొద్దు జాతి మొద్దుతనం వదిలిపోయింది, నీళ్ళలో మందు తాగుతున్నవి మాత్రం పదకొండు నిమిషాల దగ్గరే ఉండిపోయాయి. సంతోషించాల్సిన విషయమే. వకుళకి మాత్రం ఊక పొయ్యి పక్కన పీట మీద కూర్చున్న మనిషి కళ్ళలోంచి పోలేదు. పురుడైన దగ్గర్నుంచి హైమ పడుకున్నది ఊక గదిని ఆనుకుని ఉన్న గదిలో. రోజూ రెండు పూటలా నీళ్ళు కాచింది ఆ పొగలో. నాకేదో అయిందని చెప్పింది కూడా. మజ్జిగ పోసుకుంటూ తానన్న మాట గుర్తొచ్చి వకుళకి సిగ్గేసింది, తనమీద తనకే పట్టరాని కోపం వచ్చింది.

*

డైరెక్టర్ కాగితాలన్నీ తాపీగా చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఊక పరీక్ష మన జాబితాలో లేదు వకుళగారూ."

"జాబితాలో లేకపోతే మందు లేకుండా పోతుందా సార్? పాత సర్టిఫికెట్ తప్పు. కొత్తదాని మీద నేను సంతకం పెట్టను."

"మంచిది. అప్పుడేమవుతుందో కూడా చెప్పండి. ఎలుకల కింద ఊక ఎవరిది? మీ తమ్ముడిది. తెప్పించిందెవరు? మీరు. మొద్దు జాతి అని రాసిందెవరు?" ఆయన గొంతు ఒక్క పిసరు కూడా పెరగలేదు. "కంపెనీ వాళ్ళకి లాయర్లున్నారు. నాకు డైరెక్టర్ కుర్చీ ఉంది. మీకేముంది? సొంత మిల్లు చెత్త తెచ్చి ప్రయోగం పాడుచేసిన మనిషి అంటారు. పేపర్లో అలాగే వస్తుంది."

"రానివ్వండి."

"రేపటినుంచి లోపలికి రాకండి," అని ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు.

ఇంట్లో మాటలు ఇంత మర్యాదగా నడవలేదు. వకుళ చెప్పడం పూర్తికాకుండానే ఫణీంద్ర చేతిలో కాఫీ గ్లాసు నేలకేసి కొట్టాడు.

"ఊకలో విషముందని నువ్వు రాస్తే రేపు మా గేటు ముందు ధాన్యం దింపేవాడు ఉంటాడా? మిల్లు మూసుకుని నేనేం చెయ్యను, నీ ఎలకలకి స్నానాలు చేయించనా?"

"హైమకి కూడా అదే తగిలిందిరా. అది బద్ధకం కాదు. నేను పొరపడ్డాను. వెళ్ళి తీసుకురా. అసలు మనం కూడా ఇక్కడ ఉండకూడదు."

"ఆహా. మూడు నెలల కిందట నా పెళ్ళాం ఎలకకన్నా హీనం అన్నావు. ఇప్పుడు ఎలకా నా పెళ్ళాం ఒకటే అంటున్నావు. నీ నోటికి మొక్కాలక్కా." అతను వేలెత్తి చూపించాడు. "ఆదివారం అచ్చిబాబుగార్ని పిలిచాను. తెగతెంపులు చేసేస్తారు, పిల్ల నాకే ఉంటుంది. ఆ రోజు ఊక మాట ఎత్తావా, ఈ ఇంట్లో నీకు చోటులేదు."

వకుళ పెరట్లోకి వచ్చి నిలబడింది. ఊక కుప్ప మీద కోడిపెట్ట గింజలు ఏరుకుంటోంది, వెనకాల ఆరు పిల్లలు. పైనుంచి గద్ద దిగింది. మామూలుగా అయితే గద్ద నీడ పడితే చాలు, పెట్ట రెక్కలు విప్పి ఊరు లేపేస్తుంది. ఇది తల ఎత్తి చూసింది. గద్ద ఒక పిల్లని తన్నుకుపోయింది. పెట్ట మళ్ళీ తల దించి ఊకలోకి ముక్కు పెట్టింది. కాసేపటికి గద్ద రెండోదానికోసం వచ్చింది. వకుళ అక్కడే నిలబడి చూసింది, నాలుగేళ్ళుగా ఈ పెరట్లో ఒక్క కోడి పిల్లా ఎందుకు పెద్దవడం లేదో అప్పుడు అర్థమైంది.

అనుమతి ఇచ్చే సంఘానికి ఉత్తరం మంగళవారమే రాసింది. పాత సంతకం చెల్లదని, ఊక కాగితాలు జతచేస్తున్నానని, హాని ఉందని. కవరు అంటించి బల్ల మీద పెట్టింది. దాన్ని పోస్టు చెయ్యడానికి శనివారం దాకా పట్టింది. పోస్టాఫీసు రెండు వీధుల అవతలే. ఎందుకాలస్యమైందో ఆవిడ ఆలోచించలేదు.

*

ఆదివారం పదింటికల్లా అచ్చిబాబుగారు వచ్చారు. మిల్లర్ల సంఘానికి పెద్ద. వెంట ఇంకో ఇద్దరు మిల్లర్లు. ఆ చుట్టుపక్కల మిల్లు ఇళ్ళలో మొగుడూ పెళ్ళాల గొడవలొస్తే కోర్టుకి పోకుండా వీళ్ళే కూర్చుని తెగ్గొడతారు. హాల్లో కుర్చీలు వేశారు. హైమనీ వీరరాఘవుల్నీ లోపలికి రానివ్వలేదు. ఆవరణ చివర, గేటు పక్క అరుగు మీద కూర్చోమన్నారు. పిలిచినప్పుడు రావాలి, అడిగినదానికి చెప్పాలి. అదీ పద్ధతి. హాలుకి ఓ పక్కగా, వకుళ కుర్చీకి రెండు బారల దూరంలో, ఉయ్యాలలో పాప నిద్రపోతోంది. పాపకి పది నెలలు వచ్చాయి.

వకుళ ఒడిలో కాగితాలు, చేతిలో స్టాప్‌వాచ్ పెట్టుకుని కూర్చుంది. పద్నాలుగేళ్ళు మోసిన వస్తువు. ఎలుకల సంగతి వీళ్ళకి చూపించి చెబుదామని తెచ్చింది.

"అమ్మాయ్ వకుళా," అన్నారు అచ్చిబాబుగారు, "నువ్వు చదువుకున్నదానివి. నువ్వు చెప్పిన లెక్కే మాకు సాక్ష్యం. బిడ్డ తొమ్మిది నిమిషాలు ఏడ్చినా తల్లి లేవలేదన్నావు. అవునా, కాదా?"

"అవునండి. కానీ తప్పు హైమది కాదు. నాది." ఆవిడ మొదలుపెట్టింది. ఊక గురించి, ఎలుకల గురించి, మూడు నిమిషాలు పదకొండు ఎందుకయ్యాయో, పక్క మార్చగానే మళ్ళీ మూడెందుకయ్యాయో చెప్పింది. "ఊకకి దూరంగా ఉంచితే ఎలుకలు మూడు వారాల్లో తేరుకున్నాయి. హైమ వెళ్ళి మూడు నెలలైంది. పిల్లని ఆమెకిచ్చెయ్యండి. ఇక్కడ ఉంచడమే ప్రమాదం."

"ఊకలో విషమా?" ఒక మిల్లరు నవ్వాడు. "పుట్టినకాణ్ణించీ ఊకలో దొర్లుతున్నాం. మాకేమైంది?"

"నేను చెప్పాను కదండీ," ఫణీంద్ర లేచాడు. "ఉద్యోగం పోయింది, మతి కూడా పోయింది. పెద్దవాళ్ళు కూర్చున్న చోట మిల్లు పరువు తీస్తోంది చూడండి."

అప్పుడు పాప లేచి ఏడ్చింది.

"పిల్ల ఏడుస్తంది బాబూ," అన్న వీరరాఘవులు గొంతు బయటనుంచి వినిపించింది. "ఎవరైనా చూడండి."

"ఉండవయ్యా, మాట తేలనీ," అన్నారు అచ్చిబాబుగారు.

వీరరాఘవులు పెద్దల మాటకి ఆగాడు. హైమ ఆగలేదు. ఆవరణంతా దాటి పరుగున వచ్చి గుమ్మంలో అడుగు పెట్టింది. ఫణీంద్ర అడ్డం వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"నిన్నెవరు రమ్మన్నారు?"

"పాప ఏడుస్తోంది. వదులు."

"ఇన్నాళ్ళూ ఏడవలేదేంటి? ఇవాళ పెద్దల ముందు నాటకాలా?"

"పిలవకుండా రాకూడదమ్మా," అన్నారు అచ్చిబాబుగారు. "ముందు పిల్ల ఎవరిదో తేలాలి. తేలకుండా నువ్వెత్తుకుంటే ఎలా?"

"తల్లికి హక్కుందంటే సరిపోతుందా, యోగ్యత ఉండాలి కదండీ," అన్నాడు రెండో మిల్లరు.

"యోగ్యత సంగతి నేను చెప్తున్నాను వినండి," అంది వకుళ. ఒడిలోంచి రెండో కాగితం తీసింది. "మొద్దు అని రాసింది నేను. అది తప్పని మళ్ళీ రాశాను. ఇదిగో చూడండి, ఈ వరసలో..."

పాప ఉయ్యాలలో లేచి కూర్చోబోయి వెనక్కి పడింది. ఏడుపు కీచుమంది. ఆ గదిలో ఐదుగురు మాట్లాడుతున్నారు, ఐదుగురికీ ఆ ఏడుపు వినబడుతోంది. వినబడుతోంది కాబట్టే గొంతులు పెంచారు. ఆ పిల్లని ఎవరెత్తుకోవాలన్న దాని మీద నియమాలు చెప్పుకున్నారు, సాక్ష్యాలు చెప్పుకున్నారు, ఒకరినొకరు తప్పుపట్టుకున్నారు. హైమ చెయ్యి గుంజుకుంటూనే ఉంది. ఒక్కసారి వంగి, ఫణీంద్ర మణికట్టు పళ్ళతో పట్టుకుని కరిచింది. అతను కెవ్వుమని వదిలేశాడు. రెండు అంగల్లో ఉయ్యాల దగ్గరికి చేరింది.

పాప మెడ చుట్టూ ఎర్రగా పొక్కి ఉంది. కింద గుడ్డ రాత్రి ఎప్పుడు తడిసిందో, ఒంటికి అంటుకుని ఆరిపోయింది. హైమ పాపని భుజాన వేసుకుని, ఆ మెడ మీద చెయ్యి పెట్టి, గదిలో అందరి ముఖాలూ ఒకటొకటిగా చూసింది. పాపకి మొదట తల్లి తెలియలేదు. వెనక్కి వాలి ముఖం చూసి ఇంకా ఏడ్చింది. కాసేపటికి మెడవంపులో తల దూర్చి, వెక్కుతూ ఊరుకుంది.

ఫణీంద్ర కరిచిన చెయ్యి పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు.

"తీసుకెళ్ళు హైమా," అంది వకుళ. "మళ్ళీ ఈ గేటులోకి రావద్దు. ఎవరు పిలిచినా రావద్దు."

హైమ పాపతో ఆవిడ కుర్చీ పక్కనుంచే గుమ్మం వైపు నడిచింది. వకుళ చేతిలో ఉన్న వస్తువు కనబడి ఆగింది. ఆ వస్తువుని ఆమె మరిచిపోలేదు.

"ఇవాళ కూడా కొలిచారా వదినా?"

వకుళ చేతివైపు చూసుకుంది. పాప మొదటి ఏడుపుకే బొటనవేలు బొత్తాం నొక్కేసింది. నొక్కినట్టు ఆవిడకి తెలుసు. హైమ గుమ్మంలో అడుగు పెట్టినప్పుడు ముల్లు ఎక్కడుందో కూడా చూసింది.

"కొలిచాను. గేటు దగ్గర్నుంచి గుమ్మం దాకా పంతొమ్మిది సెకన్లు."

హైమ ఆవిడ కుర్చీనీ, ఖాళీగా ఊగుతున్న ఉయ్యాలనీ, మధ్యనున్న రెండు బారల నేలనీ చూసింది.

"మరి మీకు?" అని అడిగింది.

గడియారం ఏడో నిమిషంలో ఉంది. వకుళ దాన్ని ఆపలేదు. లేచి వెళ్ళి పాపని ఎత్తుకుందామనే అనుకుంది. మొదటి ఏడుపునుంచీ అదే అనుకుంటోంది. హైమ గేటు దాటి జీపెక్కింది, జీపు కాలవ గట్టు మలుపు తిరిగి కనబడకుండా పోయింది. ముల్లు ఇంకా తిరుగుతూనే ఉంది, వకుళ ఇంకా ఆ కుర్చీలోనే ఉంది.